యూవీ లైటుతో చిన్న గాయాన్ని శుభ్రం చెయ్యొచ్చా? వద్దు, దాని బదులు ఇలా చెయ్యండి

కరోనా టైంలో ఆన్‌లైన్‌లో తెగ అమ్ముడుపోయినవాటిల్లో ఈ యూవీ (అతినీలలోహిత కిరణాల) స్టిక్కులు ఒకటి. చేత్తో పట్టుకుని ఫోన్ మీద, తాళాల మీద, పాల ప్యాకెట్ల మీద నాలుగు సార్లు తిప్పితే క్రిములన్నీ చచ్చిపోతాయని చెప్పి అమ్మారు, చాలా ఇళ్ళల్లో అవి ఇప్పటికీ ఏదో అలమరాలో పడే ఉన్నాయి. ఇప్పుడు అందరికీ వచ్చే డౌట్ ఏంటంటే, ఫోన్ మీద క్రిముల్ని చంపేది కూరగాయలు కోస్తుంటే తెగిన వేలి మీద చంపదా, పిల్లాడు సైకిల్ మీంచి పడి మోకాలు దోక్కుపోతే మంట పుట్టే మందు పూసి ఏడిపించే బదులు ఈ లైటు ఒక నిమిషం చూపిస్తే పోదా అని. అడగడంలో తప్పేం లేదు, ఎందుకంటే యూవీ క్రిముల్ని చంపడం నిజమే. కానీ ఇంట్లో ఉన్న స్టిక్కుతో గాయాన్ని శుభ్రం చెయ్యడం మాత్రం కుదరదు. ఎందుకు కుదరదో ముందు చెప్తా, తర్వాత గాయాన్ని అసలు ఎలా కడగాలో చెప్తా, లైటు సంగతి మీకు అక్కర్లేకపోతే కిందకి వెళ్ళి కడిగే పద్ధతి చదువుకోండి, పనికొచ్చేది అదే.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ లైటో చూసుకోండి

యూవీ అంటే ఒకటే రకం కాదు, వెలుగు తరంగం పొడవుని నానోమీటర్లలో కొలిచి రకాలు చెప్తారు. 315 నుంచి 400 నానోమీటర్ల వరకు ఉన్నది యూవీ-ఏ, 280 నుంచి 315 వరకు యూవీ-బీ, 280 కంటే తక్కువైతే యూవీ-సీ. క్రిముల్ని గట్టిగా చంపేది ఈ మూడోది. ఇది క్రిమి డీఎన్ఏలో పక్కపక్కన ఉన్న థైమిన్లని (డీఎన్ఏలో అక్షరాల్లాంటి భాగాల్లో ఒక రకం) ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేస్తుంది, దాంతో ఆ క్రిమి తన కాపీలు తీసుకోలేదు, ఇంక పెరగలేదు. ఎండలో కూడా యూవీ-సీ ఉంటుంది గానీ పైన ఓజోన్ పొర దాన్ని ఆపేస్తుంది కాబట్టి మన దాకా రాదు, అంటే మన చర్మానికీ కళ్ళకీ ఇది అలవాటు లేని వెలుగు అన్నమాట.

ఇంకో సంగతి, యూవీ-సీ మన కంటికి కనపడదు. మీ స్టిక్కు ఊదా రంగులో జిగేల్మని వెలుగుతోందంటే ఆ ఊదా రంగు క్రిముల్ని చంపేది కాదు. పాదరసం ట్యూబు ఉన్నవాటిలో అసలు పని చేసేది 254 నానోమీటర్ల దగ్గర వస్తుంది, దాంతోపాటు కొంచెం నీలం వెలుగు కూడా కనపడుతుంది అంతే. ఎల్ఈడీ రకమైతే 265 నుంచి 280 మధ్యలో ఉండాలి. బాక్స్ మీద 395 అనో 405 అనో రాసి ఉంటే అది యూవీ-సీ కానే కాదు. కిరాణా షాపులో 500 నోటు చూసే లైటు, గోళ్ళ రంగు ఆరబెట్టే డబ్బా, ఇవన్నీ 365 నుంచి 405 మధ్యలో వెలిగేవి. తక్కువ రేటుకి వచ్చే స్టిక్కుల్లో ఎల్ఈడీలు కూడా చాలావరకు ఈ జాతే. ఇక బాక్స్ మీద 99.9 శాతం అని పెద్దక్షరాలతో వేసి నానోమీటర్ల అంకె ఎక్కడా వెయ్యలేదంటే దాని గురించి ఎక్కువ ఆలోచించాల్సిన పని కూడా లేదు.

సెలూన్‌లో దువ్వెనలు, కత్తెరలు పెట్టే నీలం లైటు డబ్బా చూసే ఉంటారు. అందులో ఉన్నది నిజంగా యూవీ-సీ ట్యూబే అనుకున్నా, వెలుగు నేరుగా తగిలిన వైపే పని జరుగుతుంది, దువ్వెన కింద వైపుకి ఏమీ కాదు, పళ్ళ మధ్యలో వెంట్రుకలు ఇరుక్కుని ఉంటే వాటి వెనక దాక్కున్న క్రిములకి కూడా ఏమీ కాదు.

సరే, నిజమైన యూవీ-సీ స్టిక్కే అనుకుందాం

ఇక్కడే అసలు పేచీ. యూవీ విషయంలో అంతా డోసు మీదే నడుస్తుంది. డోసు అంటే ఒక చదరపు సెంటీమీటర్ మీద వెలుగు ఎంత గట్టిగా పడుతోంది, ఎన్ని సెకన్లు పడుతోంది, ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేది, మిల్లీజౌల్స్‌లో కొలుస్తారు. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో పలచగా పరిచిన మామూలు బాక్టీరియాకి ఒక పది మిల్లీజౌల్స్ అటూ ఇటూ చాలు. తాగే నీళ్ళని శుద్ధి చేసే యూవీ మెషిన్లకి అమెరికాలో ఉన్న గట్టి ప్రమాణం 40 మిల్లీజౌల్స్. బూజు జాతి క్రిములకీ, స్పోర్స్‌కీ (గట్టి పెంకులో నిద్రపోతున్నట్టు ఉండే క్రిములు) దానికంటే చాలా ఎక్కువ కావాలి.

ఇప్పుడు రెండో వైపు చూడండి. 254 నానోమీటర్ల వెలుగు మన చర్మం మీద, కంటి మీద రోజు మొత్తానికి ఎంత పడితే ఫర్వాలేదు అని రేడియేషన్ భద్రత చూసే అంతర్జాతీయ సంఘం ఒక హద్దు పెట్టింది, అది చదరపు సెంటీమీటర్‌కి 6 మిల్లీజౌల్స్. ఆ అంకె దాటగానే చర్మం కాలిపోతుందని కాదు, అది జాగ్రత్త కోసం పెట్టిన గీత. కానీ పళ్ళెంలో ఉన్న బాక్టీరియాకే ఆ గీత దాకానో దాటో వెళ్ళాలంటే రక్తం, దుమ్ము ఉన్న గాయంలో ఇంకెంత దాటాలో మీరే ఆలోచించండి.

చిన్న లెక్క వేద్దాం. మీ స్టిక్కు నీరసంగా ఉండి 0.1 మిల్లీవాట్ మాత్రమే ఇస్తోందనుకోండి, 40 మిల్లీజౌల్స్ పడాలంటే 400 సెకన్లు, అంటే దాదాపు 7 నిమిషాలు కదలకుండా ఒకే చోట పట్టుకోవాలి, కానీ బాక్స్ మీద బొమ్మలో మాత్రం ఆవిడ రెండు సెకన్లు అలా తిప్పి నవ్వుతూ ఉంటుంది. అదే గట్టి స్టిక్కు అయి 3 మిల్లీవాట్లు ఇస్తే ఆ 40 మిల్లీజౌల్స్ 13 సెకన్లలో పడిపోతాయి, కానీ 6 మిల్లీజౌల్స్ హద్దు రెండు సెకన్లలోనే దాటేస్తారు. అంటే నీరసంగా ఉన్నది గాయానికి ఏమీ చెయ్యదు, గట్టిగా ఉన్నది క్రిములతో పాటు మీ చర్మాన్ని కూడా పట్టుకుంటుంది, మీ చేతిలో ఉన్నది ఈ రెండిట్లో ఏదో మీటర్ లేకుండా తెలుసుకునే దారి లేదు. పైగా చెయ్యి కొంచెం దూరం జరిగితే వెలుగు తేడాగా పడిపోతుంది, బ్యాటరీ తగ్గితే ఇంకా పడిపోతుంది, ట్యూబు పాతబడితే ఇంకోలా ఉంటుంది. హాస్పిటల్లో గదుల్ని శుభ్రం చెయ్యడానికి అయితే మీటర్ పెట్టి కొలిచి, మనుషుల్ని గదిలోంచి బయటికి పంపించి మరీ వేస్తారు.

అమెరికాలో మందులు, వైద్య పరికరాల భద్రత చూసే ఎఫ్‌డీఏ 2022 జూలైలో ఈ చేతి స్టిక్కుల మీదే ఒక హెచ్చరిక ఇచ్చింది, కొన్ని రకాలు కొద్ది సెకన్లలోనే చర్మానికీ కళ్ళకీ దెబ్బ చెయ్యగలంత రేడియేషన్ వదుల్తున్నాయని. అంతకుముందు 2020లోనే డబ్ల్యూహెచ్ఓ చేతుల మీద గానీ ఒంటి మీద ఇంకెక్కడైనా గానీ యూవీ ల్యాంపులు వాడొద్దని చెప్పింది. తెగకుండా బాగున్న చర్మం మీదే వద్దన్నారు, ఇక తెగిన చోటు సంగతి వేరే చెప్పాలా.

గాయంలో వెలుగుకి అడ్డం చాలా ఉంటాయి

మన ఇళ్ళల్లో వాటర్ ప్యూరిఫయర్లు చూడండి, అందులో యూవీ ల్యాంపు కంటే ముందు ఒక ఫిల్టరు, కార్బన్ ఇంకోటి, ఇలా వరసగా పెట్టి ఆఖర్లో ల్యాంపు పెడతారు. ఊరికే పెట్టలేదు, నీళ్ళల్లో మట్టి, నలకలు ఉంటే వాటి నీడలో క్రిములు దాక్కుంటాయి, వెలుగు అక్కడికి పోదు. అందుకే నీళ్ళు అద్దంలా అయ్యాకే యూవీ పని మొదలవుతుంది. దెబ్బ తగిలిన మోకాలు ఆ ఫిల్టరుకి ముందున్న బురద నీళ్ళ లాంటిది. రక్తం, చర్మం పేలికలు, ఇసుక రేణువులు, ప్యాంటు దారాలు, కాసేపటికి ఊరే పసుపు నీరు, ఇవన్నీ యూవీ-సీని పీల్చేసుకునేవే. ఒక పలచటి రక్తపు పొర చాలు వెలుగు అక్కడే ఆగిపోవడానికి. పైగా ఈ వెలుగు కండలో లోపలికి వెళ్ళదు, పైపైన వెంట్రుక మందం కూడా దాటదు. కత్తి తెగిన చోట సందు ఉంటుంది కదా, ఆ సందు అడుగుకి చేరదు, మేకు గుచ్చుకున్న బొక్క అడుగుకి అసలే చేరదు.

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటాని అనే బాక్టీరియా సంగతి ఇందులోకే వస్తుంది. అది మట్టిలో, పేడలో స్పోర్స్‌గా ఉంటుంది, అవి మామూలు బాక్టీరియా కంటే చాలా మొండివి, గాలి తగలని లోతైన గాయంలోనే మొలకెత్తుతాయి. లైటు చేరని చోటే దాని కాపురం. కాబట్టి లైటు తిప్పాం కదా, ఇంజెక్షన్ అక్కర్లేదు అనుకోవడం అన్నిటికంటే డేంజర్.

మరి డాక్టర్లు యూవీ వాడతారు కదా అంటారా? వాడతారు, పాత ముచ్చటే అది. చర్మానికి వచ్చే ఒక రకం క్షయకి వెలుగుతో వైద్యం చేసినందుకు డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్‌కి 1903లోనే నోబెల్ ఇచ్చారు. 1930ల్లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ హాస్పిటల్లో డెరిల్ హార్ట్ అనే సర్జన్ ఆపరేషన్ థియేటర్లో యూవీ ల్యాంపులు పెట్టి గాలిలో క్రిముల్ని చంపే పద్ధతి మొదలుపెట్టాడు, అక్కడ పనిచేసేవాళ్ళు కళ్ళూ ఒళ్ళూ కప్పుకుని నిలబడేవాళ్ళు. తర్వాత ఐదు హాస్పిటల్స్‌లో పెద్ద ఎత్తున పరీక్ష చేసి 1964లో లెక్కలు బయటపెట్టారు, దాదాపు 15 వేల ఆపరేషన్లు. గాలిలో క్రిములైతే బాగా తగ్గాయి గానీ మొత్తం మీద చూస్తే గాయాలకి చీము పట్టడం లైటు ఉన్నా లేకపోయినా దాదాపు ఒకేలా ఉంది, బాగా శుభ్రమైన ఆపరేషన్లలో మాత్రం కొంచెం తేడా వచ్చింది. క్రిమి చావడం ఒక సంగతి, గాయం చీము పట్టకుండా మానడం ఇంకో సంగతి అన్నమాట.

ఎన్నాళ్ళకీ మానని పుళ్ళకి హాస్పిటల్లో యూవీ-సీ వాడి చూసిన సందర్భాలు ఉన్నాయి, అవి కొలిచిన డోసుతో, పుండు చుట్టూ కప్పేసి చేసేవి. సోరియాసిస్‌కి, బొల్లికి ఇచ్చే లైటు ట్రీట్‌మెంట్ అసలు వేరే, అది 311 నానోమీటర్ల దగ్గర ఉండే యూవీ-బీ, క్రిముల కోసం కాదు. ఇప్పుడు కొత్తగా 222 నానోమీటర్లది ఒకటి వచ్చింది, అది చర్మం పైన ఉండే చచ్చిన పొరలోనే ఆగిపోతుంది కాబట్టి కింద బతికున్న కణాలకి ఏమీ కాదని అంటున్నారు, ఎలుకల గాయాల మీద, ఆరోగ్యంగా ఉన్న మనుషుల వీపు మీద చేసిన పరీక్షలు బాగానే వచ్చాయి. కానీ గాయం అంటేనే ఆ చచ్చిన పొర ఊడిపోయిన చోటు, అది గుర్తుపెట్టుకోండి. పైగా ఆ ల్యాంపులకి ప్రత్యేకమైన ఫిల్టరు ఉండాలి, మీ అలమరాలో ఉన్నది ఆ రకం కాదు.

ఇప్పటికే తిప్పేసి ఉంటే

ఒకట్రెండు సెకన్లు తిప్పి ఉంటే కంగారు పడకండి. ఎక్కువసేపు పట్టుకుని ఉంటే కొన్ని గంటల తర్వాత అక్కడ ఎర్రబడి మండొచ్చు, ఎండకి కమిలినప్పుడు వచ్చే మంటే అది, చల్లటి తడిగుడ్డ వెయ్యండి, బొబ్బలు వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించండి. కళ్ళతోనే ఎక్కువ ఇబ్బంది. వెల్డింగ్ షాపులో పనిచేసేవాళ్ళని అడగండి, అద్దం పెట్టుకోకుండా పగలు పనిచేస్తే ఏమీ అనిపించదు, రాత్రి పడుకునే టైంకి కళ్ళల్లో ఇసుక పోసినట్టు గరగరలాడి, నీళ్ళు కారి, వెలుతురు చూడలేక చస్తారు. యూవీ-సీ కంట్లో పడితే వచ్చేది కూడా అదే, 6 నుంచి 12 గంటల తర్వాత మొదలవుతుంది, మామూలుగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. కాంటాక్ట్ లెన్స్ ఉంటే తీసెయ్యండి, కళ్ళు నలపకండి, కంటి డాక్టర్‌కి చూపించండి. మత్తు చుక్కలు ఇంట్లో ఉన్నాయని వేసుకోకండి, నొప్పి తెలియదు గానీ అవి పదేపదే వేస్తే కంటికి ఇంకా చేటు.

గాయం కడిగే పద్ధతి

చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ ఒక మాట ఉంది, గాయానికి నీళ్ళు తగలనివ్వకు, చీము పడుతుంది అని. అప్పుడే తగిలిన దెబ్బకి ఇది పూర్తిగా ఉల్టా. చిన్న గాయానికి మనం చేసే పనుల్లో అన్నిటికంటే పనికొచ్చేది ధారగా పడే శుభ్రమైన నీళ్ళతో కడగడమే. తాగడానికి పనికొచ్చే కుళాయి నీళ్ళతో కడిగినా, హాస్పిటల్ సెలైన్‌తో కడిగినా చీము పట్టడంలో పెద్ద తేడా లేదని అధ్యయనాలు చెప్తున్నాయి. మీ బోరు నీళ్ళ మీద నమ్మకం లేకపోతే ప్యూరిఫయర్ నీళ్ళు వాడండి, లేదా కాచి చల్లార్చినవి, అదీ కాదంటే మెడికల్ షాపులో ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) బాటిల్ 100 ఎంఎల్‌ది అడిగితే ఇస్తారు.

రక్తం కారుతుంటే ముందు దాన్ని ఆపాలి. ఉతికిన గుడ్డ గానీ గాజ్ గానీ పెట్టి గట్టిగా ఒత్తి పట్టుకోండి, ఆగిందా లేదా అని అర నిమిషానికోసారి తీసి చూడకండి, అలా తీసిన ప్రతిసారీ గడ్డకడుతున్నది ఊడొస్తుంది. గడియారం చూసుకుని పది నిమిషాలు కదలకుండా ఒత్తండి, చెయ్యో కాలో అయితే పైకెత్తి పెట్టండి. దూది నేరుగా పెట్టొద్దు, దాని పీచు గాయానికి అతుక్కుని తర్వాత తియ్యడం ఒక పెద్ద పని అవుతుంది.

ఇప్పుడు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇది చదివి అబ్బో అనుకుంటారు గానీ చాలామంది మర్చిపోయేది ఇదే, రోడ్డు మీద బండి లేపిన చేతులతోనే గాయం ముట్టుకుంటారు.

పిల్లాడి మోకాలు దోక్కుపోయింది అనుకుందాం, కంకర రోడ్డు మీద పడ్డాడు. వాడ్ని బాత్‌రూమ్‌లో స్టూల్ మీద కూర్చోబెట్టి, కాలు చాపించి, మగ్గుతో కాకుండా వీలైతే కుళాయికి పైపు పెట్టి ధారగా వదలండి, ధార పై నుంచి కిందకి, గాయం మీదుగా మడమ వైపు పోవాలి. మొదట ఎర్రగా, తర్వాత బూడిద రంగులో, ఆ తర్వాత తేటగా నీళ్ళు పోతాయి, తేటగా వచ్చాక కూడా ఇంకో రెండు మూడు నిమిషాలు వదలండి, మొత్తం ఐదు నుంచి పది నిమిషాలు అనుకోండి. గాయం చుట్టూ చర్మాన్ని మామూలు సబ్బుతో కడగండి, గాయం లోపల సబ్బు రుద్దక్కర్లేదు. అప్పుడు మంచి వెలుతురులో దగ్గరగా చూడండి, చిన్న చిన్న నల్ల చుక్కలు కనపడుతుంటాయి, అవి తారో ఇసుకో, తడి గాజ్‌తో మెల్లగా ఒకే వైపుకి తుడిస్తే చాలావరకు వచ్చేస్తాయి. రానివి పట్టకారుతో తియ్యాలి, ఆ పట్టకారుని ముందే నీళ్ళల్లో పది నిమిషాలు మరిగించి పెట్టుకోండి, యూవీ కింద పెట్టి మురిసిపోకండి. ఆ నల్ల చుక్కలు వదిలేస్తే చీము పట్టొచ్చు, పట్టకపోయినా చర్మం కింద పచ్చబొట్టులా ఉండిపోతాయి. లోతుగా దిగినవి అయితే మీరు గెలక్కండి, డాక్టర్ దగ్గర మత్తు పెట్టి తీస్తారు. వాడు ఏడుస్తాడు, ఏడవనివ్వండి, చేతికి ఫోన్ ఇవ్వండి, కడగడం మాత్రం మధ్యలో ఆపకండి.

కడిగాక శుభ్రమైన గుడ్డతో అద్ది ఆరనిచ్చి, పలచగా వ్యాజిలిన్ రాసి, అతుక్కోని రకం డ్రెస్సింగో బ్యాండేజో వెయ్యండి. గాలికి వదిలేస్తే తొందరగా మానుతుంది అని అంటారు, పక్కు కట్టడం చూసి అలా అనిపిస్తుంది గానీ కొంచెం తేమ ఉన్న గాయంలో కొత్త చర్మం సులువుగా పాకుతుంది, ఎండిన గాయంలో పక్కు కింద తంటాలు పడుతుంది, మచ్చ కూడా ఎక్కువ పడుతుంది. బ్యాండేజ్ రోజుకి ఒకసారి, తడిసినా మాసినా వెంటనే మార్చండి, మార్చినప్పుడల్లా నీళ్ళతో కడగండి.

మందుల డబ్బాలో ఉన్నవాటి సంగతి

బెటాడిన్ మొదటిసారి గాయం చుట్టూ, మురికి దెబ్బైతే పైన కొంచెం రాస్తే ఫర్వాలేదు, మానేదాకా రోజూ మూడు పూటలా పూయక్కర్లేదు, అది క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న కణాల్ని కూడా ఇబ్బంది పెడుతుంది. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. పెరాక్సైడ్ బుస్సుమని నురగ వస్తుంటే పని జరుగుతోందని అనిపిస్తుంది, నిజానికి ఆ నురగ మన సొంత కణాల్లో ఉన్న ఎంజైమ్ వల్ల వచ్చేదే. డెట్టాల్ నీళ్ళల్లో కలపకుండా పోసేవాళ్ళు ఉన్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి, చర్మం కాలి తెల్లబడుతుంది. యాంటీబయోటిక్ పౌడర్లు చల్లితే గాయం రసితో కలిసి గట్టి పెంకులా అవుతుంది, కింద ఏం జరుగుతోందో కనపడదు. నియోమైసిన్, ఫ్రామైసిటిన్ ఉన్న ఆయింట్‌మెంట్లకి కొంతమందికి దురద, దద్దుర్లు వస్తాయి, గాయం మానకుండా చుట్టూ ఎర్రగా దురదగా ఉంటే ఆ ట్యూబే కారణం అయ్యుండొచ్చు.

కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్ట్ పెట్టొద్దు. రక్తం ఆగుతుంది నిజమే, కానీ ఏం పెట్టినా పైన ఒత్తి పట్టుకున్నందుకే ఆగేది, ఆ పొడి అంతా తర్వాత గీకి తియ్యాల్సింది మీరే లేదా డ్యూటీ నర్సు. పసుపు మీద నాకు గౌరవం ఉంది, కానీ వంటింటి డబ్బాలో పసుపు క్రిమిరహితం కాదు, తాలింపు చేత్తో ముట్టుకున్నది అది. పొలంలో ఉన్నప్పుడు గడ్డి చామంతి ఆకు నలిపి పెట్టడం కూడా తెలిసిందే, దగ్గర్లో ఇంకేమీ లేనప్పుడు పెట్టారే అనుకోండి, ఇంటికొచ్చాక అదంతా కడిగెయ్యండి. ఇక పప్పు తింటే చీము పడుతుందని గాయమైనవాళ్ళకి పప్పు మాన్పించే పెద్దవాళ్ళు ఉంటారు. గాయం పూడాలంటే ప్రోటీన్ కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టండి, అత్తయ్యతో గొడవెందుకు అనుకుంటే డాక్టర్ గారు పెట్టమన్నారు అని చెప్పండి.

టీటీ, కుక్క కాటు, షుగర్

టీటీ అని మనం అనేది ఇప్పుడు చాలా చోట్ల టీడీగా ఇస్తున్నారు, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకి కూడా పనిచేస్తుంది. చిన్నప్పుడు టీకాలన్నీ పూర్తయి ఉంటే, శుభ్రమైన చిన్న గాయానికి ఆఖరి డోసు పడి 10 ఏళ్ళు దాటితేనే మళ్ళీ కావాలి, మట్టి, పేడ, తుప్పు తగిలిన గాయమో మేకు దిగిన గాయమో అయితే 5 ఏళ్ళు దాటినా వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే లెక్కలోకి తీసుకోకండి, వెళ్ళి వేయించుకోండి. ప్రతి గీతకీ ఆరు నెలలకోసారి పొడిపించుకునే అలవాటు కూడా మనవాళ్ళకి ఉంది, అదీ అక్కర్లేదు.

కుక్క, పిల్లి, కోతి కరిచినా గోరుతో గీరినా, గీత ఎంత చిన్నదైనా సరే, సబ్బు పెట్టి ధార కింద 15 నిమిషాలు కడగండి, అక్కడ గాయం లోపలికి కూడా సబ్బు వెళ్ళాలి, రేబిస్ వైరస్ పైపొర సబ్బుకి కరిగిపోతుంది. కట్టు గట్టిగా కట్టకండి, కారం, సున్నం పెట్టకండి, అదే రోజు ప్రభుత్వ హాస్పిటల్‌కి వెళ్ళి టీకా మొదలుపెట్టండి, రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలయ్యేలోపు కాపాడే ఇంజెక్షన్) కూడా కావాలని అడగండి. రేబిస్ ఒకసారి బయటపడితే వైద్యం లేనట్టే. ఈ విషయంలో లైటు చేతిలోకి తీసుకోవడమే టైం వేస్ట్.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళకి పాదం మీద దెబ్బ తగిలితే అది చిన్న గాయం లెక్కలోకి రాదు. స్పర్శ తక్కువ ఉండి నొప్పి తెలియదు, రక్తం అందక మానదు, నొప్పి లేదు కదా అని నాలుగు రోజులు ఊరుకుంటే లోపల వ్యవహారం వేరేగా ఉంటుంది. అదే రోజు చూపించండి.

మిగతావాళ్ళు కూడా కొన్నిటికి ఆగకూడదు. పది పదిహేను నిమిషాలు ఒత్తినా రక్తం ఆగకపోతే, గాయం అంచులు నోరు తెరుచుకున్నట్టు దూరంగా ఉంటే, లోపల తెల్లగానో పసుపుగానో కనపడుతుంటే, వేలు సరిగ్గా ముడవలేకపోతే, తిమ్మిరిగా ఉంటే, ముఖం మీదైతే వెంటనే వెళ్ళండి, కుట్లు వెయ్యాల్సిన గాయాన్ని రేపు చూద్దాం అని పెట్టుకోవద్దు. రెండు మూడు రోజుల తర్వాత తగ్గాల్సిన నొప్పి పెరిగి సలుపు పోటు పెడుతుంటే, చుట్టూ ఎరుపు పాకుతుంటే, చీము, జ్వరం వస్తే, గాయం నుంచి పైకి ఎర్ర గీత పాకుతుంటే, కాలి దెబ్బకి గజ్జల్లో బిళ్ళ కడితే అది ఇన్ఫెక్షన్, ఇంట్లో చేసేదేం లేదు. ఎరుపు పాకుతోందా లేదా అన్నది అర్థం కాకపోతే బాల్‌పెన్‌తో ఎరుపు అంచు చుట్టూ గీత గీసి పక్కన టైం రాయండి, సాయంత్రానికి ఎరుపు గీత దాటిందంటే బయల్దేరండి, డాక్టర్‌కి కూడా ఆ గీత బాగా ఉపయోగపడుతుంది.

మరి ఆ స్టిక్కుని ఏం చెయ్యాలి

నిజమైన యూవీ-సీ అయితే తుడిచి శుభ్రం చేసిన ఫోన్ వెనక వైపు, తాళం చెవులు, ఇలాంటి నున్నటి గట్టి వస్తువుల మీద వాడుకోవచ్చు, అదీ మూత ఉన్న డబ్బా రకమైతేనే నాకు ఇష్టం, తెరిస్తే ఆగిపోతుంది కాబట్టి. చేత్తో పట్టుకునేదైతే ఇంట్లో పిల్లలుంటే బ్యాటరీలు తీసి పెట్టండి, దాన్ని కత్తి అనుకుని ఒకళ్ళ మొహం మీద ఒకళ్ళు తిప్పుకుంటారు. వెలిగించినప్పుడు ఘాటైన వాసన వస్తే అది ఓజోన్, కొన్ని ట్యూబుల నుంచి వస్తుంది, దగ్గు, ఆయాసం ఉన్నవాళ్ళకి మంచిది కాదు, అలాంటిది వాడొద్దు. పాదరసం ట్యూబు పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, పిల్లల్ని కాసేపు బయటికి పంపించండి, చీపురుతో ఊడవకుండా గట్టి అట్టముక్కతో ఎత్తి, మిగిలింది తడి గుడ్డతో తుడిచి, అన్నీ మూత ఉన్న డబ్బాలో వేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి, పొద్దున వచ్చే చెత్త బండిలో మాత్రం వెయ్యకండి.